కొచ్చిలో కొన్న వేక్ బోటు, లారీ మీద హైదరాబాద్ దాకా

బుధవారం, సికింద్రాబాద్

శబరి ఎక్స్‌ప్రెస్ మధ్యాహ్నం పన్నెండు దాటాక కదిలింది. సంక్రాంతి అయిపోయింది, మకరజ్యోతి కూడా అయిపోయింది కాబట్టి బోగీలో నల్లబట్టల స్వాములు పల్చగానే ఉన్నారు, అదే డిసెంబర్లో అయితే ఈ బండికి కన్ఫర్మ్ టికెట్ ఆ అయ్యప్పే దిగొచ్చి ఇప్పించాలి. మేం ముగ్గురం, నేను, మా బావ, మెకానిక్ భాయ్. భాయ్‌కి ఆటోనగర్‌లో షెడ్డు ఉంది, పాత అమెరికన్ కార్లు, పెద్ద జనరేటర్లు చేస్తాడు, నిద్రలో లేపి అడిగినా వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్, ఫైరింగ్ ఆర్డర్ చెప్తాడు. బోటు సంగతి మాత్రం నాకేం తెల్వదన్నా, లుంబినీ పార్క్‌లో టికెట్ కొని ఎక్కిందే అన్నాడు. అయినా పట్టుబట్టి తీసుకొచ్చా, ఎందుకంటే ఈ బోట్లలో ఉండేది కారు ఇంజినే, జనరల్ మోటార్స్ వాళ్ల 5.7 లీటర్ల వీ8 తీసుకుని నీళ్లకి తగ్గట్టు మార్చి బిగిస్తారు.

వేక్ బోటంటే ఏంటని బంధువుల్లో అడగనివాళ్లు లేరు కాబట్టి ఇక్కడే చెప్పేస్తా. బోటు పోతుంటే వెనకాల నీళ్లు చీలి అల లేస్తుంది కదా, అదే వేక్. మిగతా బోట్లన్నీ ఆ అల ఎంత చిన్నగా లేస్తే అంత మంచిదని తయారుచేస్తారు, దీంట్లో మాత్రం ఆ అల కోసమే బోటు. అడుగున ట్యాంకులు ఉంటాయి, వాటిలోకి చెరువు నీళ్లే పంపుతో ఎక్కించి బోటుని కావాలని బరువెక్కిస్తారు, దాన్ని బ్యాలస్ట్ అంటారు, లీటరు నీళ్లు కిలో కాబట్టి ఐదొందల లీటర్లు ఎక్కిస్తే అరటన్ను. గంటకి 35 కిలోమీటర్ల స్పీడులో తాడు పట్టుకుని బోర్డు మీద పోతే వేక్‌బోర్డింగ్, 17-18కి తగ్గించి, తాడు కూడా వదిలేసి ఆ అల మీదే నిలబడితే వేక్‌సర్ఫింగ్. ఈ రెండోదానికి మామూలు ఔట్‌బోర్డ్ మోటారు బోటు అస్సలు వాడకూడదు, దాని ఫ్యాను బోటుకి వెనకాల బయటికి ఉంటుంది, మనిషేమో అక్కడే నాలుగడుగుల దూరంలో తేలుతుంటాడు, జారితే ఇంకేమైనా ఉందా. వీ-డ్రైవ్ బోటులో ఇంజిన్ని వెనక సీటు కింద తిప్పి పెడతారు, షాఫ్టు ముందుకి పోయి గేర్‌బాక్సులో మళ్లీ వెనక్కి మళ్లుతుంది, ఫ్యాను బోటు పొట్ట కింద లోపలికి దాగి ఉంటుంది. మాకు కావాల్సింది అదీ.

కొత్తది అమెరికా నుంచి తెప్పిస్తే డ్యూటీలతో కలిపి కోటి దాటిపోద్ది. నలుగురం చందాలేసుకుని కొనేది కాబట్టి సెకండ్ హ్యాండే. ఇక ఎక్కడ నడుపుతారు హుస్సేన్‌సాగర్‌లోనా అని అడిగేవాళ్లకి దండం, అక్కడ తెరచాప బోట్లకి ఒక పద్ధతి ఉంది, ఆ నీళ్లలో పడాలని నాకు కోరిక కూడా లేదు. గండిపేట, హిమాయత్‌సాగర్ అంటారు కొందరు, అవి 1908 మూసీ వరద తర్వాత కట్టిన మంచినీళ్ల చెరువులు, వాటిలో పెట్రోలు బోటు తిప్పుతామంటే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. మా ఆలోచన అంతా కొల్లాపూర్ దాటాక సోమశిల దగ్గర, శ్రీశైలం వెనక జలాల మీద, పర్మిషన్ వస్తే. బయల్దేరే ముందు అమ్మ ఒకటే మాట, "కచ్చులూరు గుర్తు పెట్టుకో". 2019లో గోదావరిలో బోటు మునిగినప్పటి నుంచి మా ఇంట్లో బోటు అంటే ఆ పేరే వస్తది. లైఫ్ జాకెట్లు బోటు కంటే ముందే కొన్నా చూసుకో అని చూపించి బయటపడ్డా.

మిర్యాలగూడ దాటేదాకా భాయ్ ఫోన్లో ఆ ఇంజిన్ మాన్యువల్ చదువుతూనే ఉన్నాడు. గుంటూరు తర్వాత ఎవరికి గుర్తుంది, పడుకున్నాం.

గురువారం, ఎర్నాకులం

దిగేసరికి మధ్యాహ్నం. జనవరిలో కూడా చొక్కా ఒంటికి అతుక్కునే ఉక్క. అమ్మే పెద్దాయనే కారేసుకుని స్టేషన్‌కి వచ్చాడు, అరవై దాటిన మనిషి, తెల్ల ముండు, అంటే కేరళ పంచె, ఒకప్పుడు టూరిస్టుల కోసం వాటర్ స్పోర్ట్స్ నడిపేవాడట, పిల్లలు గల్ఫ్‌లో స్థిరపడ్డాక ఒక్కొక్క సామానే అమ్మేస్తున్నాడు. రైల్లో ఎవరో నేర్పినట్టున్నారు, బావ దిగీదిగగానే "చేట్టా", అంటే అన్నా, అని మొదలెట్టాడు, ఆయన తెగ మురిసిపోయి ముందు భోజనం అన్నాడు. కరిమీన్ చేప వేపుడు, ఎర్రగా లావు గింజల అన్నం. భాయ్ ఆ అన్నం చూసి ఇది ఉడకలేదేమో అన్నాడు, పెద్దాయన నవ్వి మీ ఆంధ్రా నుంచే మాకు జయ బియ్యం లారీలు వస్తాయి, మీరు మాకు పంపించేదే మీకు తెలీదు అన్నాడు.

ఇక అసలు సంగతి. ఫోన్లో నేను "సముద్రంలో నడిపారా" అని గుచ్చి గుచ్చి అడిగితే "నో సీ, ఓన్లీ బ్యాక్‌వాటర్" అన్నాడు. అది అబద్ధం కాదు. కానీ బ్యాక్‌వాటర్ అంటే మంచినీళ్లు అని మనం అనుకుంటాం చూడండి, అక్కడే ఉంది తిరకాసు. వేంబనాడ్ కాయల్, అంటే అక్కడి పెద్ద బ్యాక్‌వాటర్ సరస్సు, కొచ్చి దగ్గర సముద్రంలోకి తెరుచుకుని ఉంటుంది, ఆటుపోట్లతో ఉప్పునీరు లోపలికి ఎక్కుతుంది. కుట్టనాడులో సముద్రమట్టం కంటే కింద ఉన్న పొలాల్లో వరి పండించాలి కాబట్టి ఆ ఉప్పు పైకి రాకుండా తన్నీర్‌ముక్కం దగ్గర కాయల్‌కి అడ్డంగా గేట్ల కట్ట కట్టారు, 1970ల్లో వాడకంలోకి వచ్చింది, డిసెంబర్ ప్రాంతంలో గేట్లు దించితే ఎండలు ముదిరేదాకా దించే ఉంచుతారు. కట్టకి దక్షిణం వైపు, అంటే అలెప్పీ, కుమరకం వైపు నీళ్లు ఎండాకాలంలో కూడా చాలావరకు చప్పనే. ఉత్తరం వైపు, అంటే కొచ్చి వైపు, వానాకాలం పోతే మిగతా అంతా ఉప్పే. అందుకే కేరళలో బోటు కొనేవాడు ఏ సంవత్సరం, ఎన్ని గంటలు తిరిగింది అని అడిగే ముందు కట్టకి ఏ పక్క ఉండేది అని అడగాలి. పెద్దాయన షెడ్డు కొచ్చి పక్కనే ఒక చిన్న లంకలో, కట్టకి ఉత్తరాన. మెట్ల దగ్గర భాయ్ వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు, ఛీ అని బావ అరుస్తున్నా వినలేదు. "అన్నా, నమక్" అన్నాడు.

బోటు మాత్రం చూడ్డానికి కిరాక్. ఇరవై ఒక్క అడుగులు, ముదురు నీలం మీద తెల్ల చారలు, పైన అల్యూమినియం టవర్, తాడు ఎత్తులో కట్టడానికి అది ఉంటుంది, దానికి పెద్ద పెద్ద స్పీకర్లు. ఫోటోల్లో చూసి మా గ్రూపులో అందరూ పడిపోయింది ఆ స్పీకర్లకే. నేను ముందు వెనక్కి పోయి కుడివైపు మూల చూశా, అమెరికాలో చేసిన బోటుకి అక్కడ పన్నెండు అక్షరాల నంబరు చెక్కి ఉంటుంది, మొదటి మూడు తయారీదారు కోడు, చివరి రెండు అంకెలు మోడల్ సంవత్సరం. ప్రకటనలో 2010 అని ఉంది, ఇక్కడేమో చివర 08. చూపిస్తే పెద్దాయన కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి, ఇండియాకి వచ్చింది 2010లో, నేను అదే అనుకున్నా అన్నాడు. బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే కస్టమ్స్ దిగుమతి కాగితం, తీస్తే దిగుమతి నిజంగానే 2010. మోసం అని నేననను, కానీ రెండేళ్ల తేడా అంటే రేటులో తేడా, అది నోట్ చేసుకున్నాం.

చీకటి పడేదాకా భాయ్ ఇంజిన్ మూత తీసి తల లోపల పెట్టుకునే ఉన్నాడు. హోస్ క్లాంపులన్నీ తుప్పు, అతుకుల దగ్గర తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది, ఇంజిన్ పొగని బయటికి పంపే గొట్టం, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, దాని కిందకి ఎర్రటి చారలు కారి ఎండిపోయాయి. తాడుతో మనిషిని లాగే ఈ టోయింగ్ బోట్లు చాలావాటికి రేడియేటర్ లాంటిదేం ఉండదు, కింద నుంచి నీళ్లు పీల్చి నేరుగా ఇంజిన్ బ్లాకులోంచి తిప్పి ఎగ్జాస్ట్‌తో కలిపి బయటికి వదిలేస్తాయి. అమెరికాలో ఇవి మంచినీళ్ల సరస్సుల్లో తిరుగుతాయి కాబట్టి నడిచిపోద్ది. ఉప్పునీళ్లలో అయితే తిరిగిన ప్రతిసారీ మంచినీళ్లతో కడగాలి, కడిగినా సరే మానిఫోల్డులు లోపల్నుంచి తినేసుకుంటూ పోతాయి. రోజూ కడిగేవారా అని అడిగా. స్టాఫ్ ఉన్నప్పుడు కడిగేవాళ్లు అన్నాడు. స్టాఫ్ ఎప్పుడు మానేశారు అని అడగబుద్ధి కాలేదు.

శుక్రవారం, నీళ్ల మీద

పొద్దున్నే కంప్రెషన్ టెస్ట్, అంటే సిలిండర్లలో ఒత్తిడి ఎంత పుడుతోందో చూడటం. ఎనిమిది ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండర్‌కి గేజ్ పెట్టి చూడాలి, వీ-డ్రైవ్‌లో వెనక ప్లగ్గులకి చెయ్యి దూరదు, భాయ్ రెండు మోచేతులూ గీరుకుపోయాయి. ఏడు సిలిండర్లు 150 అటూ ఇటూ చూపించాయి, ఒకటి మాత్రం 132 దగ్గర ఆగింది. అంకె ఎంతనేదానికంటే ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయన్నదే ముఖ్యం, పది శాతం లోపు తేడా ఉంటే బేఫికర్ అంటాడు భాయ్, ఇది కాస్త దాటింది. ఆయిల్ తీసి చూస్తే నల్లగా ఉంది గానీ పాలు కలిసినట్టు లేదు, పాలరంగు వస్తే నీళ్లు లోపలికి దూరినట్టు, అలా ఉంటే ఆ మధ్యాహ్నమే రిటర్న్ టికెట్ తీసేవాళ్లం.

గంటల మీటర్ 612 అంటోంది. కానీ ఈ ఇంజిన్లకి కంప్యూటర్ ఉంటుంది, అది తన లెక్క తాను రాసుకుంటుంది. పెద్దాయనే ఊళ్లో ఒక మెరైన్ ఎలక్ట్రానిక్స్ కుర్రాడిని పిలిపించాడు, ల్యాప్‌టాప్ కేబుల్ పెట్టి చూస్తే 890 పైన. డ్యాష్‌బోర్డు మార్చాం మధ్యలో అన్నాడు, బిల్లు కూడా చూపించాడు. ఇక్కడ నాకు ఆయన మీద నమ్మకం పెరిగిందనే చెప్పాలి, దాచాలనుకున్నవాడు ల్యాప్‌టాప్ కుర్రాడిని సొంత ఖర్చుతో పిలవడు కదా.

సాయంత్రం చల్లబడ్డాక నీళ్లలోకి దించాం. స్టార్ట్ చేస్తే ఆ వీ8 గుడగుడ వినగానే బావ మొహం వెలిగిపోయింది, ఆ టైంలో రేటు మాట్లాడుంటే అడిగినంతా ఇచ్చేసేవాడు. ఒక విషయం ఎవరూ చెప్పరు గానీ చెప్పాలి, ఈ బోటు రివర్స్‌లో స్టీరింగ్ వినదు. చుక్కాని ఫ్యాను వెనకాల ఉంటుంది కాబట్టి ముందుకెళ్లేటప్పుడు ఫ్యాను తోసే నీళ్లు చుక్కానికి తగిలి తిరుగుతుంది, వెనక్కి వచ్చేటప్పుడు తగలవు, బోటు తనకిష్టమైన పక్కకే ఒరుగుతుంది. జెట్టీ నుంచి తీసేటప్పుడు నేను ఎడమకి తిప్పుతుంటే అది కుడికి పోతోంది. పెద్దాయన కూర్చున్న చోటు నుంచి లేవకుండానే, చెయ్యి చాపి గేరు ముందుకీ వెనక్కీ చిటికెలా కొట్టి, స్టీరింగ్ ముట్టుకోకుండా బయటికి తీసేశాడు.

కాయల్‌లో వాటర్ మెట్రో బోట్లు తిరుగుతున్నాయి, 2023లో మొదలయ్యాయి, కొచ్చిన్ షిప్‌యార్డ్‌లో కట్టినవి, రెండు పొట్టల బోట్లు, కరెంటు మోటార్లు, పక్కనుంచి పోయినా నీళ్లు పెద్దగా కదలవు. మేమేమో పోయిన దారంతా గందరగోళం. బ్యాలస్ట్ సగం ఎక్కించి స్పీడు పెంచగానే వెనకాల నడుమెత్తు అల లేచింది, అదే టైంలో ఒడ్డు దగ్గర చిన్న వల్లంలో, అంటే నాటు పడవలో, వల వేస్తున్న ఇద్దరు లేచి నిలబడి మలయాళంలో ఏదో గట్టిగా అన్నారు, అర్థం కాకపోయినా అర్థమైంది. పెద్దాయన వెంటనే స్పీడు తగ్గించి వెడల్పుగా ఉన్న చోటికి తీసుకుపోయాడు. ఇరుకు కాలువల్లో ఈ అల ఒడ్డుని కోసేస్తుంది, చిన్న పడవల్ని తిరగేస్తుంది. సోమశిలలో మన జాలర్లు పుట్టిల మీద తిరుగుతారు, గుండ్రటి పుట్టికి ఈ అల తగిలితే ఏంటి పరిస్థితి అని నాకు ఆ రోజు మొదటిసారి తట్టింది, అక్కడ ఎక్కడ నడపాలి, ఏ టైంలో నడపాలి అన్నది జాలరి సంఘంతో కూర్చుని మాట్లాడకుండా ఒక్క లీటర్ కూడా పొయ్యొద్దని బావతో అన్నా. సరే అన్నాడు, అప్పుడు వెనక ప్లాట్‌ఫాం మీద కూర్చుందామని లేస్తున్నాడు. ఇంజిన్ ఆన్‌లో ఉన్నప్పుడు అక్కడ కూర్చోకూడదు, ఎగ్జాస్ట్ అక్కడే బయటికి వస్తుంది, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, తెలిసేలోపే కళ్లు తిరిగి నీళ్లలో పడతారు. లాగి లోపల కూర్చోబెట్టా.

శనివారం, బేరం

ఆయన చెప్పింది ఇరవై నాలుగు లక్షలు. మా దగ్గర లిస్టు: మోడల్ 08, గంటలు 890, ఒక సిలిండర్ నీరసం, మానిఫోల్డులు, వాటికి బిగించే ఎగ్జాస్ట్ వంపు గొట్టాలు రైజర్లు మొత్తం మార్చాలి, అవి అమెరికా నుంచి రావాలి. భాయ్ రైజర్ హోస్ ఒకటి విప్పి లోపల స్క్రూడ్రైవర్‌తో గీకితే పొరలు పొరలుగా తుప్పు ఊడి పడింది, అది కాగితంలో పెట్టుకుని టేబుల్ మీద పెట్టాడు, మాట్లాడలేదు. పెద్దాయన కాసేపు దాన్నే చూశాడు. "మీ ఉప్పు తిన్న ఇంజిన్ చేట్టా, విశ్వాసం మాత్రం మాకు చూపించాలి" అని బావ ఇంగ్లీషులో చెప్పబోయి కుదరక తెలుగులోనే అనేశాడు, నేను అనువాదం చేస్తే ఆయన పగలబడి నవ్వాడు. బేరం అక్కడే వదులైంది. పద్దెనిమిది దగ్గర నేను ఆగుదామనుకున్నా, బావ పద్దెనిమిదిన్నర అనేశాడు, స్పీకర్ల కోసం అని తర్వాత ఒప్పుకున్నాడు.

కాగితాల విషయంలో ఒక మంచి మాట. 1917 నాటి పాత చట్టం తీసేసి 2021లో ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం తెచ్చారు, దాని ప్రకారం ఒక రాష్ట్రంలో చేసిన రిజిస్ట్రేషన్ దేశమంతా చెల్లుతుంది. కానీ ఓనర్ పేరు మార్పించుకోవాలి, బోటు తనిఖీ చేసి ఇచ్చే సర్వే సర్టిఫికెట్ డేట్ అయిపోకుండా చూసుకోవాలి. దిగుమతి కాగితం ఒరిజినల్, రిజిస్ట్రేషన్, సర్వే, ఇన్సూరెన్స్, స్టాంపు పేపర్ మీద అమ్మకం రాత, అందులో బోటు నంబరు వేరు, ఇంజిన్ నంబరు వేరు, ట్రైలర్ వేరు. ఒరిజినల్ బిల్ ఆఫ్ ఎంట్రీ చేతికి రాకుండా డబ్బులు పంపొద్దు, అది లేకపోతే రేపు ఎవరైనా ఆపి డ్యూటీ కట్టారా అంటే చూపించడానికి ఏం ఉండదు.

ఆదివారం

క్రేన్ లేదు, బ్యాంకు లేదు. ఫోర్ట్ కొచ్చిలో చీనా వలలు చూసి, బావ ఫోటోలు దిగి, పడుకున్నాం. భాయ్ మాత్రం షెడ్డుకి పోయి ట్రైలర్ చక్రాలు విప్పాడు, బేరింగులు పొడి పొడి.

సోమవారం, ఎత్తుడు

ముందుగా పెట్రోలు తీసేశాం, ట్యాంకులో పెట్రోలుతో లారీ ఎక్కించం అన్నారు. తీసిన పెట్రోలు గాజు సీసాలో పట్టి పెడితే కాసేపటికి అడుగున వేరే పొర తేలింది. ఇప్పుడు మన పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ ఉంటుంది కదా, ఇథనాల్ తేమని పీలుస్తుంది, నెలల తరబడి కదలకుండా ఉన్న ట్యాంకులో నీళ్లతో కలిసి కిందకి దిగిపోతుంది, ఇంజిన్ పీల్చేది కూడా అడుగు నుంచే. పైగా 2008 అమెరికన్ బోటు అంటే పది శాతం దాకా తట్టుకునేలా చేసింది. పైపులన్నీ మార్చాలి, నీళ్లని వేరు చేసే ఫిల్టర్ పెట్టాలి, ట్యాంకులో పెట్రోలు నిల్వ పెట్టకూడదు. లిస్టులో ఇంకో లైన్.

బియ్యం దించి ఖాళీగా పోతున్న లారీ దొరికితే రిటర్న్ లోడ్ కాబట్టి చవక అని పెద్దాయన ఒకటి మాట్లాడి పెట్టాడు, తణుకు బండి. టేపు పెట్టి కొలిస్తే బోటు వెడల్పు 2.49 మీటర్లు, లారీ బాడీ లోపలి వెడల్పు అంతకంటే తక్కువ. డ్రైవర్ గారు పక్కలు కోసేద్దామా అన్నాడు, సీరియస్‌గానే. చివరికి ఫ్యాక్టరీకి మిషన్లు దించి ఖాళీగా ఉన్న మన సూర్యాపేట బండి దొరికింది, పక్కలు లేని ప్లాట్‌ఫాం, యాభై ఐదు వేలు. ఈ-వే బిల్లు లేకుండా కదలనన్నారు ట్రాన్స్‌పోర్టు వాళ్లు, అది 200 కిలోమీటర్లకి ఒక రోజు చొప్పున చెల్లుతుంది, మన దారి పదకొండు వందల దగ్గర, టైం సరిపోద్ది.

క్రేన్ వచ్చాక భయం మొదలైంది. బోటు ఖాళీగానే పదహారు వందల కిలోల పైన, రెండు బెల్టుల మీద గాల్లోకి లేపాలి. వెనక బెల్టు సరిగ్గా షాఫ్టు మీద పడబోయింది, అలా లేపితే షాఫ్టు వంగిపోద్ది, ఇక బోటు జన్మలో వణుకుడు ఆపదు. భాయ్ కింద దూరి షాఫ్టు, చుక్కాని ఎక్కడున్నాయో చూసి, పైన పక్కల మీద చాక్‌పీస్‌తో గీతలు గీశాడు, బెల్టులు ఆ గీతల బయటే ఉండాలని. పక్కలు నొక్కుకుపోకుండా పైన రెండు బెల్టుల మధ్య అడ్డకర్ర. బావ ఇంతలో "మన బుద్ధుడు గుర్తున్నాడా" అని మొదలెట్టాడు. 1990లో రాయగిరి నుంచి తెచ్చిన విగ్రహం హుస్సేన్‌సాగర్‌లో బార్జి ఒరిగి మునిగి, 1992 డిసెంబర్ దాకా నీళ్లలోనే ఉన్న సంగతి తెలీని హైదరాబాదీ ఎవడుంటాడు, కానీ క్రేన్ కింద నిలబడి గుర్తుచేసేవాడు మా బావ ఒక్కడే. నోరు మూయించి పక్కకి పంపా.

ముందు ట్రైలర్ లారీ మీద పెట్టి చక్రాలకి చెక్కలు కొట్టి, దాని మీద బోటు దించారు. టవర్ మడిచాం, బ్యాటరీ వైర్లు తీశాం, అడుగున డ్రెయిన్ ప్లగ్ తీసి జేబులో వేసుకున్నా, వాన పడితే నీళ్లు లోపల నిలవకుండా. అన్నిటికంటే ముందు పొద్దున్నే డ్రమ్ముతో మంచినీళ్లు పెట్టి ఇంజిన్ అరగంట నడిపాం, ఉప్పు ఎంత పోతే అంత. పెద్దాయన లారీ చుట్టూ ఒకసారి తిరిగి, కవర్ తాడు ఒకటి వదులైతే బిగించి, ఇంట్లోకి వెళ్లిపోయాడు. బావ, భాయ్ రైలుకి. నేను లారీ క్యాబిన్లో.

మంగళవారం, పాలక్కాడ్ నుంచి సేలం

రాత్రి త్రిశూర్ దాటాక కుతిరాన్ సొరంగం. ఇంతకుముందు ఆ కొండ మీద గంటలు గంటలు జామ్ అయ్యేదట, 2021లో ఒక గొట్టం తెరిచాక కథ మారింది అన్నాడు డ్రైవరన్న. లైట్ల కింద బోటు నీలం రంగు అద్దంలో మెరుస్తుంటే అన్న ఒకటికి రెండుసార్లు వెనక్కి చూసి, "సార్, గిది ఎంతకి కొన్నరు" అన్నాడు. చెప్పా. చాలాసేపు ఏం మాట్లాడలేదు. వాళయార్ వచ్చాక, "రెండు లారీలొస్తయి సార్" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

కోయంబత్తూరు బైపాస్, అవినాశి, ఈరోడ్ పక్కనుంచి సేలం. లారీ నలభై యాభై దాటదు. ప్రతి టీ కొట్టు దగ్గరా జనం. కవర్ కప్పి ఉంటే ఒక పిల్లాడు రాకెట్ అన్నాడు, ఇంకో పెద్దాయన ఎవరో నాయకుడి ప్రచార రథం అని ఖాయం చేసేశాడు. ప్రతి వంద కిలోమీటర్లకి దిగి బెల్టులు బిగించడం నా పని, కొత్త బెల్టులు సాగుతాయి, బోటు ఒక అంగుళం జరిగిందంటే ట్రైలర్ కర్ర పొట్టకి గుచ్చుకుంటుంది. సాయంత్రం తొప్పూర్ ఘాట్, ప్రమాదాలు ఎక్కువ దిగేవైపే, మేం ఎక్కేవైపు, అయినా అవతల బ్రేకులు కాలుతున్న వాసన ఇటు దాకా వచ్చింది.

బుధవారం, బెంగళూరు చుట్టూ

పగలు లారీలు బెంగళూరు ఊళ్లోకి రానివ్వరు. హోసూరు దాటాక సర్జాపూర్ వైపు తిరిగి హోస్కోట మీదుగా దేవనహళ్లి, రోడ్డు మీద చెట్ల కొమ్మలు కిందకి ఉన్నాయి, నేను పైకెక్కి పొడుగు కర్రతో కొమ్మలు పక్కకి తోస్తూ కూర్చున్నా. ఒకచోట యూనిఫాం మనిషి ఆపి బోటుకి నంబర్ ప్లేట్ ఏది అన్నాడు. రిజిస్ట్రేషన్ చూపిస్తే ఇది కేరళది కదా అన్నాడు, చట్టం చెప్తే వినలేదు, బిల్ ఆఫ్ ఎంట్రీ మీద కస్టమ్స్ ముద్ర చూశాక వదిలాడు. ఆ ఒరిజినల్ కాగితానికి దండం పెట్టుకున్నా.

చీకటి పడ్డాక బాగేపల్లి, ఆ తర్వాత మన భాష బోర్డులు. పెనుకొండ దగ్గర కార్లు మోసే పెద్ద లారీలు వరసగా ఆగి ఉన్నాయి, అక్కడి ఫ్యాక్టరీవి, ఆ డ్రైవర్లందరూ దిగొచ్చి ప్రొఫెషనల్ కన్నుతో మా కట్లు పరీక్షించారు. ఒకాయన వెనక బెల్టు క్రాసుగా వేయమన్నాడు, వేశాం, అప్పటి నుంచి ఊగుడు తగ్గింది. అనంతపురం బైపాస్‌లో ఉగ్గాని లేదు, టైం దాటిపోయింది, ఆమ్లెట్‌తో సరి.

గురువారం, ఇంటికి

కర్నూలు తుంగభద్ర, ఆలంపూర్ చౌరస్తా, బీచుపల్లి దగ్గర కృష్ణ. వంతెన మీద అన్న లారీ స్లో చేసి "ఈ నీళ్లేనా సార్" అన్నాడు. ఈ నీళ్లే, ఇంకా కిందకి పోతే సోమశిల. జడ్చర్ల, షాద్‌నగర్, శంషాబాద్ దగ్గర ఓఆర్ఆర్ ఎక్కి పెద్ద అంబర్‌పేట్‌లో దిగాం. ఆటోనగర్ గల్లీలో ఆ లారీ తిరగడానికి ముప్పావు గంట, పది మంది పది రకాలుగా చెయ్యి చూపించారు. క్రేన్ రెడీగా ఉంది, భాయ్ చాక్ గీతలు ఇంకా చెరగలేదు, దించడం కొచ్చిలో ఎత్తినదాంట్లో సగం టైంలో అయిపోయింది.

తర్వాతి వారం

మానిఫోల్డులు విప్పాం. ఒకటి అయితే లోపల గోడ పల్చబడి వేలితో నొక్కితే ఊడేలా ఉంది, ఇంకొన్ని గంటలు నడిపుంటే నీళ్లు నేరుగా సిలిండర్లోకి పోయి ఇంజిన్ పట్టేసేది. నీరసం సిలిండర్‌కి కారణం వాల్వ్ సరిగ్గా కూర్చోకపోవడం, హెడ్ విప్పి ఆటోనగర్‌లోనే మెషినింగ్‌కి ఇచ్చాం. నీళ్ల పంపు లోపల రబ్బరు ఇంపెల్లర్‌కి ఆరు రెక్కలుండాలి, నాలుగే ఉన్నాయి, మిగతా రెండూ ముక్కలై ఎక్కడో పైపులో ఇరుక్కున్నాయి, వాటిని వెతకడానికే ఒక పూట. అమెరికా నుంచి సామాన్లకి ఆర్డర్ పెట్టాం. వచ్చేలోపు ఓనర్ పేరు మార్పు, సోమశిల అర్జీ.

ఈసారి ఉప్పునీటి భయం లేకపోయినా సెకండ్ హ్యాండ్‌లో క్లోజ్డ్ కూలింగ్ కిట్, అంటే బయటి నీళ్లు ఇంజిన్ బ్లాకులోకి పోకుండా చేసేది, దొరికితే వేయిద్దామా అని భాయ్‌ని అడిగా. "కృష్ణ నీళ్లకి ఎందుకన్నా, పైసలు దండగ" అన్నాడు. మరి స్పీకర్లు ఎలా ఉన్నాయని బావ ఫోన్లో అడిగాడు. నాలుగింట్లో ఒకటే పనిచేస్తోంది.